టీవీలో మాత్రమే దొరికే సోడా

మొన్న ఐపీఎల్ మ్యాచ్ చూస్తూ చూస్తూ మా బావమరిది పొట్ట నిమురుకున్నాడు. మధ్యాహ్నం మా శ్రీనగర్ కాలనీ సత్యసాయి నిగమాగమంలో పెళ్లి భోజనం చేసొచ్చాడు లెండి. గుత్తి వంకాయ మూడుసార్లు అడిగి వేయించుకుని, నాలుగోసారి మొహమాటానికి వేయించుకున్నాడు. తప్పు వంకాయది కాదు.

సరిగ్గా అప్పుడే టీవీలో ఒక హీరోగారు హెలికాప్టర్లోంచి దిగి, పదిమంది అమ్మాయిల మధ్య నుంచి నడిచొచ్చి, గ్లాసు పైకెత్తారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'సోడా' అని పడింది.

"బావా, ఆ సోడా ఒకటి పట్రా. చచ్చి నీ కడుపున పుడతా," అన్నాడు.

వాడు నా కడుపున పుట్టడం నాకిష్టం లేకపోయినా బయల్దేరాను. సూపర్‌మార్కెట్‌లో కుర్రాడు ఫ్రిజ్ అంతా గాలించి, ఏడెనిమిది రకాల మంచినీళ్లు చూపించాడు. సోడా మాత్రం లేదు. పక్క కిరాణా కొట్టాయన తల కూడా ఎత్తలేదు. "గది టీవీల వస్తది సార్, మాకు రాదు," అన్నాడు. చివరికి ఎల్లారెడ్డిగూడ వైపు ఒక వైన్స్ ముందు నిలబడ్డాను. జాలీ వెనకాల పిల్లాడు బ్రాండు పేరు వినగానే చెయ్యి అరలోకి పోనిచ్చి, "క్వార్టరా, హాఫా?" అన్నాడు.

"సోడా బాబూ."

నా వెనక క్యూలో నలుగురు నవ్వారు. నలభై ఏళ్లుగా కాలనీలో కూడబెట్టుకున్న పరువు ఆ నిమిషంలో పోయింది.

కంపెనీలు సరుకు చేసేది లాభం కోసమా, పేరు కోసమా అని పెద్దవాళ్లు వాదించుకుంటుంటారు. ఆ క్యూలో నాకు మూడో సంగతి తెలిసింది. సరుకే చెయ్యక్కర్లేదు. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం మద్యం ప్రకటనలు తెరమీద రాకూడదు. కాబట్టి అదే పేరు, అదే రంగు, అదే సంగీతంతో సోడా వచ్చింది, మంచినీళ్లు వచ్చాయి, పాటల సీడీలు కూడా వచ్చాయి. దీన్ని సరోగేట్ ప్రకటన అంటారట. అద్దె గర్భం. లోపల పెరిగేది సోడా, పుట్టేది విస్కీ. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఇలాంటివి కుదరవని మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. హీరోగారు ఇంకా చదివినట్టు లేరు, షూటింగుల్లో తీరిక దొరకదు పాపం. యాలకులదీ అదే కథ. పాన్‌మసాలా పేరున్న యాలక్కాయ కోసం పెద్ద పెద్ద హీరోలు కొట్టుకుంటారు. మా ఆవిడ పాయసంలో వేసే యాలక్కాయ వైపు జూనియర్ ఆర్టిస్టు కూడా చూడడు.

పేరు కోసం ఖర్చుపెట్టడం మనకి కొత్తా? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టారు. అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి ఉన్నవాడికి డబ్బా దొరికింది, లేనివాడికి పత్రిక దొరికింది. లోధ్ర మందు అమ్మిన కేసరిగారు 1928లో గృహలక్ష్మి పత్రిక తెచ్చారు. ఏదైతేనేం, జనం చేతికి ఏదో ఒక వస్తువు అందింది.

తర్వాతి తరం వాళ్లు పైకి చూశారు. బీరు సీసా మీది పక్షి 2005లో విమానం తోక మీద వాలింది. అది విమానాల వ్యాపారమా, బీరుకి ఆకాశమంత హోర్డింగా అని అప్పట్లోనే గుసగుసలు పోయినవాళ్లున్నారు. 2012 అక్టోబరులో విమానాలు నేల మీద ఆగిపోయాయి, 2016లో యజమాని లండన్ వెళ్లిపోయాడు. అప్పిచ్చిన బ్యాంకులు మాత్రం ఇక్కడే ఉన్నాయి. బీరు ఇప్పటికీ అమ్ముడుపోతోంది. అంటే ప్రచారం ఫలించినట్టే కదా!

ఇంత చెప్పి కంపెనీల్నే ఆడిపోసుకుంటే పాపం. అసలు గురువు సర్కారే. 2023 ఆగస్టులో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. దరఖాస్తుకి 2 లక్షలు. దుకాణం తగలకపోతే డబ్బు వెనక్కి రాదు. లక్షా ముప్పై వేల పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి, 2,600 కోట్లు దాటి ఖజానాకి చేరాయి. ఒక్క సీసా కదల్లేదు, ఒక్క మూత ఊడలేదు. కంపెనీ సోడా లేకుండా ప్రకటన నడిపితే, సర్కారు మందు లేకుండా కాగితం అమ్మింది. గిరాకీ బావుందని 2025లో ఆ కాగితం రేటు 3 లక్షలు చేసింది. అందులో హీరో లేడు, హెలికాప్టర్ లేదు. మార్కెటింగ్ పాఠాలు చెప్పే కాలేజీలు ఎక్సైజ్ శాఖ వాళ్లని ఎందుకు పిలవవో నాకర్థం కాదు.

ఇంటికొస్తూ దారిలో బండి దగ్గర ఆగాను. బండాయన నిమ్మకాయ కోసి, ఉప్పు వేసి, సోడా బుస్సుమనిపించి, పాలిథిన్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు చుట్టాడు. ఇరవై రూపాయలు. బావమరిది గటగటా తాగేసి, కిటికీ అద్దాలు కదిలేలా తేన్చాడు.

"అబ్బ! ఏ కంపెనీ బావా?"

"పేరు లేదురా."

వాడు నమ్మలేదు. అందుకే ఈ విన్నపం. ఆ టీవీ సోడా మీ వీధి కొట్లో ఎక్కడైనా కనబడితే ఒక సీసా కొని, బిల్లుతో సహా ఈ కాలమ్‌కి పంపండి. రెట్టింపు ధర ఇచ్చుకుంటాను.