కాంగరీ వనవాస పద్యం: టీకా తాత్పర్యాలు

అవతారిక

ఈ పద్యానికి కర్త ఎవరో తేలలేదు. నుడికారాన్ని బట్టి తెలుగువాడు. వాట్సాప్ గ్రూపులో వెలువడింది కనుక సాఫ్ట్‌వేరువాడు. ఇంట్లో ఎవరినీ అడక్కుండా శనివారం రాత్రి ఖాయం చేశాడు కనుక బ్రహ్మచారి. నివాసం షార్లెట్ అని పండితుల ఊహ. అక్కణ్ణించి రెండు గంటలు కారు నడిపితే దక్షిణ కరోలినాలోని కాంగరీ నేషనల్ పార్కు వస్తుంది. పద్యానికి రంగస్థలం ఆ అడవే.

అక్కడ బస రెండు రకాలు. ఒకటి డబ్బు కట్టి దిగే క్యాంపుగ్రౌండు. బల్ల ఉంటుంది, నెగడు వేసుకోవడానికి ఇనప చుట్టు ఉంటుంది. రెండోదాన్ని ప్రిమిటివ్ క్యాంపింగ్ అంటారు. దానికి పైసా కట్టక్కర్లేదు, అనుమతి చీటీ ఒకటి ముందే తీసుకుంటే చాలు. ఆ పైన బల్ల లేదు, కుళాయి లేదు, దొడ్డి లేదు, ఇక్కడ పడుకోవాలని గుర్తు పెట్టిన చోటూ లేదు. అడవిలోకి నడిచి, బాటకీ నీటికీ ఎడంగా, మనసైన చోట గుడారం వేసుకోవడమే. 'ఉచితం' అన్న మాట కంటబడగానే కవికి పద్యం పొంగి ఉంటుంది.

మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన ఊరు మెదక్ సీమలోని కొల్చారం. ఆయన వ్యాఖ్యానించిన మేఘం సందేశం మోసుకుపోయిందే తప్ప ఎవరి టెంటు మీదా కురవలేదు. ఈ పద్యంలో ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ కాబట్టి ఆ నియమాన్ని ఇక్కడ సడలిస్తున్నాం.

మూలం

టెంటు నాది, నీది టీపొడి, చక్కెర;
దోమ మందు వాడు తోడ తెచ్చు;
నీళ్లు లేవటంట, నిప్పుకు కట్టెలు
అడవిలోన దొరుకు నవియె చాలు.

ఆటవెలది. గణాలు సరిపోయాయి, యతులు కుదిరాయి. సామాన్లే కుదరలేదు.

ప్రతిపదార్థం

టెంటు = గుడారము; నాది = కొన్నది నేనే, కనుక నడిమధ్య పడుకొనువాడనూ నేనే; నీది = నీ వంతు; టీపొడి, చక్కెర = ప్రసిద్ధములు; వాడు = మూడవవాడు, ఈ సందేశానికి ఇంకా జవాబీయనివాడు; దోమ మందు = దోమలను పారద్రోలు లేపనము; తోడ తెచ్చు = వచ్చినచో తెచ్చును; నీళ్లు = శ్లేష, ముందు వివరింపబడును; లేవటంట = లేవు, అట, అంట; నిప్పుకు కట్టెలు = సంధి విషయమై కింద చూడుడు; అవియె చాలు = ఇంకేమీ అక్కరలేదు. ఇది కవి ప్రౌఢోక్తి.

టీక

'టెంటు నాది'. వేసే చోటు ఎవరిదో కవి చెప్పలేదు. ఆ అడవిలో చదును నేలకు కొదవ లేదు, చిక్కంతా ఆ చదునుతోనే. నేల కాస్త ఎత్తు మారితే చెట్టు జాతే మారిపోతుంది. పల్లంలో బాల్డ్ సైప్రస్, వాటర్ టుపెలో. కొంచెం మెరకకి వస్తే ఓక్, స్వీట్‌గమ్. వాటి నడుమ 160 అడుగులు దాటి పెరిగిన లాబ్లాలీ పైన్లు. చెట్టుని చూసి నేల మట్టం చెప్పగలిగినవాడు పొడిగా నిద్రపోతాడు. సైప్రస్ చుట్టూ దాని వేళ్లలోంచి మోకాలి చిప్పల్లాంటి బుడిపెలు లేచి నిలబడతాయి. అవి చెట్టుకి గాలి అందించడానికని కొందరు, బురదలో నిలదొక్కుకోవడానికని కొందరు. శాస్త్రజ్ఞుల మధ్య ఆ వాదం ఇంకా తెగలేదు. టెంటు వేసినవాడికి మాత్రం వాటి ఉనికి అర్ధరాత్రి వీపు కింద తెలుస్తుంది. పడుకునే ముందు ఒకసారి పైకి కూడా చూడాలి. నానిన నేలలో వేళ్లు లోతుకు దిగవు. 1989లో వచ్చిన హ్యూగో తుపాను ఇక్కడి మహావృక్షాలని ఎన్నిటినో పడగొట్టింది. ఎండిన కొమ్మకి తుపాను కూడా అక్కర్లేదు.

'నీది టీపొడి, చక్కెర'. పాల ప్రస్తావన లేదు. ముందుకు పోదాం.

'దోమ మందు వాడు తోడ తెచ్చు'. పద్యంలో అలంకారమంటూ ఉంటే ఇక్కడే ఉంది. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉంటే అసంగతి అంటారు. మందు వాడి దగ్గర, దోమలు వీళ్ల దగ్గర. లక్షణానికి ఇంతకంటే మంచి లక్ష్యం దొరకదు. కాంగరీ సందర్శక కేంద్రంలో దోమల తీవ్రత చూపే ముల్లు పలక ఒకటి పెట్టారు. ఆరు అంకెలు: ఒకటి దగ్గర 'ఆల్ క్లియర్' అని, ఐదు దగ్గర 'రూత్‌లెస్' అని, ఆరు దగ్గర 'వార్ జోన్' అని ఉంటుంది. అడవిశాఖవారి హాస్యం అనుకుని దాని ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లే ఎక్కువ. పొట్టి చేతుల చొక్కా వేసుకొచ్చినవాడు ఆ ఫొటోని తర్వాత ఇంకో దృష్టితో చూస్తాడు.

'నీళ్లు లేవటంట'. పద్యానికి ప్రాణం ఇది. ఇందులో 'అట' ఉంది, 'అంట' కూడా ఉంది. ఎవరో చెప్పగా విన్నవాడి దగ్గర విని కవి చెబుతున్నాడు. దీన్ని శబ్దప్రమాణమంటే నైయాయికులు ఒప్పుకోరు.

పైగా శ్లేష. వరద నీళ్లు లేవని ఒక అర్థం, తాగే నీళ్లు లేవని మరో అర్థం. కవి ఉద్దేశించింది మొదటిది. నిజమైంది రెండోది.

మొదటి అర్థం సంగతి చూద్దాం. బ్రాడ్, సలూడా అనే రెండు నదులు కొలంబియా నగరం దగ్గర కలిసి కాంగరీ నది అవుతాయి. అది పొంగితే మునిగేదీ, తీస్తే తేలేదీ ఈ అడవి. ఏడాది పొడుగునా నీళ్లు నిలవ ఉండే బాపతు కాదు, అందుకే 2003లో నేషనల్ పార్కు హోదా ఇచ్చినప్పుడు పేరులో ఉన్న 'స్వాంప్' తీసేశారు. ఏడాదికి సుమారు పదిసార్లు మునుగుతుంది. బ్రాడ్ నది పుట్టేది ఉత్తర కరోలినా కొండల్లో. అక్కడ కుండపోత కురిస్తే ఇక్కడ మబ్బు తునక లేకపోయినా నీళ్లొచ్చి పడతాయి. ఫోనులో ఎండ బొమ్మ చూసుకుని బయల్దేరిన కవికి ఇది తట్టలేదు. గోదావరి లంకల్లో పుట్టినవాడైతే వర్షాకాలంలో భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుందో కనుక్కోనిదే పక్క వెయ్యడు.

ఇక్కడ పూర్వపక్షం ఒకటుంది: వరదలు ఎక్కువగా చలికాలం చివర, వసంతం మొదట్లో కదా, మేం వేసవిలో వెళితే? వెళ్లవచ్చు. పైన చెప్పిన పలకలో ముల్లు అప్పుడే కుడివైపు వాలుతుంది. మే నడిమి నుంచి జూన్ నడిమి దాకా మిణుగురులు ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరే ముచ్చట కూడా అప్పుడే, దానికి లాటరీ తగిలినవాళ్లనే సాయంత్రం రానిస్తారు. మొత్తం మీద వరద తగ్గే నెలల్లో దోమలు, దోమలు తగ్గే నెలల్లో వరద. రెండూ కాస్త పక్కకి తప్పుకునేది ఆకు రాలే కాలంలో. కవి ఏ నెలలో రాశాడో పద్యం చెప్పదు.

నీళ్లు లేవన్నవాడికి అనుమానప్రమాణం చెట్ల మీదే ఉంది. నడుమెత్తున, కొన్నిచోట్ల ఛాతీ ఎత్తున, బోదెల మీద ఒక గీత అడవంతా ఒకే మట్టంలో సాగుతుంది. దాని కింద బెరడు మీద వేలు రాస్తే ఎండిన ఒండ్రు పొడిపొడిగా అంటుకుంటుంది. అది చాలకపోతే అడవి లోపల పాతకాలపు మట్టి దిబ్బలున్నాయి. అడవిలో మేతకు వదిలిన పశువులు వరద వచ్చినప్పుడు ఎక్కి నిలబడడానికి కట్టినవి. గొడ్ల కాపరికి ఉన్న ముందుచూపు మన కవికి లేకపోవడం విచారించదగ్గ విషయం. ఇక ప్రత్యక్షప్రమాణం తెల్లవారుజామున మేజోళ్లలో దొరుకుతుంది.

నా అభిప్రాయంలో ఈ పద్యానికి నాయకుడు నీరే. కవి దాన్ని 'లేవటంట' అని రెండు గణాల్లో సాగనంపాడు. ఆ నీరే లేకపోతే పద్యానికి అడవి లేదు. అమెరికా ఆగ్నేయ భాగంలో ఇలాంటి పల్లపు అడవులు నరికివేతకీ సాగుకీ పోగా, ముదురు చెట్లతో మిగిలినవాటిలో ఇదే పెద్దది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సిస్ బీడ్లర్ కలప కంపెనీ ఇక్కడ సైప్రస్ కొట్టించింది. నేల మీద లాగుదామంటే దిగబడింది, నీళ్లలో తేల్చి పంపుదామంటే పచ్చి దుంగలు మునిగిపోయాయి. గిట్టుబాటు కాక చాలా చెట్లు వదిలేశారు. 1950లలో హ్యారీ హాంప్టన్ అనే పత్రికా సంపాదకుడు ఈ అడవిని కాపాడమని ఒంటరిగా గొంతు చించుకున్నాడు. 1969లో కలప ధర పెరిగి రంపాలు మళ్లీ మోగితే జనం కదిలారు. 1976లో ప్రభుత్వం రక్షణ కల్పించింది. సందర్శక కేంద్రానికి ఇప్పుడు హాంప్టన్ పేరే. కంపెనీని మొదట ఆపింది మాత్రం బురద.

రెండో అర్థం చిన్నది. వాగు నీళ్లు వడగట్టకుండా, కాచకుండా తాగకూడదు. తాగే నీళ్లు ఇంటి నుంచి మోసుకుపోవాలి. నీళ్లలో నిద్రపోబోయేవాడు వీపున నీళ్లు మోసుకుపోవడం ఈ శ్లేషకి పరాకాష్ఠ.

'నిప్పుకు కట్టెలు అడవిలోన దొరుకు'. 'కట్టెలు' తర్వాత 'అడవి' వచ్చింది, సంధి జరగలేదు. దోషమని లాక్షణికులు అంటారు. కాదని నా మనవి. ఆ అడవి లోపల నెగడు వేయడం నిషేధం, క్యాంపుగ్రౌండులోని ఇనప చుట్టులో తప్ప నిప్పు ముట్టించకూడదు. కట్టెలకీ అడవికీ సంధి కుదరదని కవి వ్యాకరణానికి ముందే తెలిసింది, కవికే తెలియలేదు. పోనీ చాటుగా రాజేద్దామనుకున్నా, వారం కిందట నీళ్లలో తేలిన కర్ర పొగ తప్ప మంట ఇవ్వదు. చిన్న గ్యాసు పొయ్యి ఒక్కటే గతి. అది ఎవరి వంతో పద్యంలో లేదు.

ఇలా లేనివాటిని అర్థం కోసం బయటి నుంచి తెచ్చి చేర్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ఆహారమే అధ్యాహారం చేసుకోవలసిన పద్యం ఇదొక్కటే. టీపొడి ఉంది, చక్కెర ఉంది, అన్నం లేదు, అటుకులు లేవు, ఆవకాయ అయినా లేదు. ఆ అడవిలో బార్డ్ ఔల్ అనే గుడ్లగూబ ఉంది. రాత్రిపూట అది అరిచే అరుపు 'మీకు వంట ఎవరు చేస్తారు?' అని అడిగినట్టు ఉంటుందని ఆ దేశపు పక్షిప్రియులు పిల్లలకి నేర్పుతారు. పద్యాన్ని అందరికంటే నిశితంగా చదివిన విమర్శకుడు ఆ గుడ్లగూబే.

రెండో అధ్యాహారం చెంబు. దొడ్డి లేని చోట ఆరేడు అంగుళాల లోతు గొయ్యి తవ్వి, నీటికి దూరంగా పని కానిచ్చి, మట్టి కప్పాలి. వాడిన కాగితం తిరిగి మూట కట్టుకు రావాలి. చెంబు పట్టుకుని చెరువుగట్టుకి వెళ్లిన తాతలకి ఇందులో నేర్చుకోవలసింది ఏమీ లేదు. మనవడు మాత్రం చిన్న తవ్వుకోల ఆన్‌లైనులో కొన్నాడు. ఒక హెచ్చరిక: ఒకే కాడకి మూడేసి ఆకులున్న తీగ కనిపిస్తే మారేడు దళమని చెయ్యి చాపవద్దు. అది పాయిజన్ ఐవీ. దురద వారాల తరబడి ఉంటుంది. మొద్దుల సందున పడుకుని, నోరు తెరిస్తే లోపల దూదిలా తెల్లగా కనిపించే నీటిపాము సంగతి ఎలాగూ కవి ఎత్తలేదు. అడవిపందులు రాత్రంతా నేలని ముట్టెతో పెళ్లగిస్తాయి. టెంటు గుడ్డకి అవతల ఆ చప్పుడు వింటున్నవాడికి వరాహావతారం మీద భక్తి నిజంగా కుదురుతుంది.

'అవియె చాలు'. ఈ మాటని అత్యుక్తి అని తీసిపారేసే ముందు ఒకటి చెప్పాలి. ఇదే అడవిలో ఒకప్పుడు నిజంగా దొరికినదాంతోనే బతికినవాళ్లున్నారు. చుట్టుపక్కల తోటల్లో బానిసలుగా ఉన్న నల్లవాళ్లలో కొందరు పారిపోయి వచ్చి ఇక్కడ దాక్కున్నారు. యజమాని గుర్రం దిగబడే చోటు వాళ్లకి ఆసరా. వేటకుక్కలకి వాసన చిక్కనివ్వని నీరు వాళ్లకి గోడ. పొగ పైకి లేస్తే పట్టుబడతారు, కనుక నిప్పు వాళ్లకీ నిషేధమే, వేరే కారణానికి. వాళ్లకి టెంటు లేదు, చీటీ లేదు, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం లేదు. 'చాలు' అనే హక్కు ఈ నేల మీద వాళ్లకే ఉంది. వాళ్ల చేత ఎవరూ పద్యం రాయించలేదు.

తాత్పర్యం

ఓ మిత్రులారా, నా దగ్గర టెంటు కలదు. తక్కినవి మీరు చూసుకొనుడు.

పాఠాంతరం

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి అదే గ్రూపులో వెలువడిన ప్రతిలో చివరి రెండు పాదాలు ఇలా ఉన్నాయి:

నీళ్లు వచ్చెనంట, నిద్రకు మంచము
హోటలందు దొరుకు నదియె చాలు.

'లేవటంట' ఉన్న చోట 'వచ్చెనంట' చక్కగా ఇమిడింది. గణం కదల్లేదు. ఈసారి 'అంట' ఒక్కటే, అంటే కవి నదీమట్టం స్వయంగా చూసినవాణ్ణే అడిగాడన్నమాట. నాలుగో పాదంలో మాత్రం హోకారానికీ నకారంలోని అకారానికీ మైత్రి చెల్లదు, యతి భంగమైంది. వనవాసానికి పోదామన్న యతులే భంగమయ్యాక పద్యంలో యతి కోసం పట్టుబట్టనవసరం లేదు. కొలంబియాలో రెండు గదులు దొరికాయి. దోమల మందు తేవలసినవాడు అక్కడికి మాత్రం అందరికంటే ముందు వచ్చాడు.