ఆగ్నేయం వైపు చూసిన రేడియో

నేను చెడిపోలేదు. ముందుగా ఆ మాట చెప్పుకోవాలి. సూరత్ శివారు వడోద్‌లోని ఈ పాతసామాను దుకాణంలో నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లంతా ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి "ఖరాబ్" అని పక్కన పడేస్తున్నారు. నాకు సరిపడే అడాప్టరు తగిలించి చూడండి. తెర వెలుగుతుంది, మీటలు పనిచేస్తాయి, యాంటెన్నా ఇస్తే ఆకాశంలో వెతకడం మొదలుపెడతాను. వెతికిన చోట నాతో మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు.

నేను వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియోను. నన్ను ఏ ఊళ్లో బిగించారు, ఏ డబ్బాలో పెట్టి పంపారు అన్నది పెద్ద కథేమీ కాదు. నాకు గొంతు ఇచ్చినవాడి సంగతి మాత్రం చెప్పాలి. అడిస్ అబాబాలో పుట్టిన నోవా సమారా అనే న్యాయవాది 1990లో ఈ కంపెనీ పెట్టాడు. ఆఫ్రికాలో ఎయిడ్స్ జనాన్ని పొట్టన పెట్టుకుంటుంటే దాని గురించి పల్లెలకు చెప్పే సాధనం లేకపోవడం ఆయన్ను కలచివేసింది. నేలమీది స్టేషన్లు అందుకోలేని చోటికి ఆకాశం నుంచి మాట పంపాలన్నది ఆయన పట్టుదల. ఆఫ్రికా కోసం 1998 అక్టోబరులో ఆఫ్రిస్టార్, ఆసియా కోసం 2000 మార్చి 21న ఆసియాస్టార్ పైకెళ్లాయి. ఆసియాస్టార్‌ను ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 మోసుకెళ్లింది. మన ఇన్సాట్-3బి కూడా అదే రాకెట్‌లో వెళ్లింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే. భూమధ్యరేఖకు దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఆసియాస్టార్ నిలిచింది. అక్కడి నుంచి 1467, 1492 మెగాహెర్ట్జ్‌ల మధ్య వచ్చే సంకేతాన్ని చిన్న పలక యాంటెన్నాతో పట్టి పాటగా విప్పడం నా పని.

నన్ను కొన్న ఇంట్లో బాపు మరమగ్గాలు బాగుచేసే జాబర్. నల్గొండ వైపు నుంచి పడుచుతనంలోనే సూరత్ వచ్చినవాడు. ఇలా వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో వేలల్లో ఉన్నాయి. లింబాయత్, ఉధనా వాడల్లో నడిస్తే తెలుగు వినిపిస్తుంది, మార్కండేయుడి గుడి కనిపిస్తుంది, మునిసిపల్ కార్పొరేషన్ నడిపే తెలుగు బడులున్నాయి. వడోద్‌లో అంత గుంపు లేదు. సాంచాల ఖాతాల్లో, అంటే మరమగ్గాల షెడ్లలో, ఒడియా, హిందీ, గుజరాతీ కలిసి వినపడతాయి. పొద్దంతా ఆ మోతలో పనిచేసి వచ్చిన మనిషికి ఇంట్లో తన మాట వినాలని ఉంటుంది కదా.

నాకంటే ముందు ఆ ఇంట్లో ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. దాన్ని నేను తక్కువ చేయను. 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ ఆకాశవాణిని అది రాత్రిపూట పట్టేదట. పొద్దుగూకాక మీడియం వేవ్ తరంగాలు వాతావరణం పైపొరను తాకి దూరాలకు తిరిగి దిగుతాయి కాబట్టి అది కుదిరేది. కానీ చుట్టూ వందల మోటార్లు తిరిగే పేటలో ఆ పాటకు గరగర తప్పేది కాదు. పగలైతే అసలే లేదు. ఊళ్లోని ఎఫ్‌ఎంలలో హిందీ, గుజరాతీ తప్ప మరోటి వినపడేది కాదు.

నేను వచ్చిన రోజు చిన్నకొడుకు దిక్సూచి పట్టుకుని డాబా ఎక్కాడు. సూరత్ నుంచి ఆసియాస్టార్ ఆగ్నేయం వైపు, నేలకు 46 డిగ్రీల ఎత్తున ఉంటుంది. నా తెరమీద సిగ్నల్ గీతలు పెరిగేదాకా పలకను పిట్టగోడ మీద అంగుళం అంగుళం జరిపాడు. గీతలు నిండాయి. 'స్పందన' పలికింది. వరల్డ్‌స్పేస్‌లో తెలుగు చానల్ పేరు అది. గరగర లేదు, తేలిపోవడం లేదు. పక్క గదిలో మనిషి పాడుతున్నట్టు వచ్చింది. అవ్వ చీరలకు చమ్కీలు అతికించే పని ఆపి, జిగురు అంటిన వేళ్లతోనే వచ్చి నా ముందు కూర్చుంది.

"గిది హైదరాబాదేనా?" అని అడిగింది.

"హైదరాబాదు గాదే అవ్వా, మీదికెంచి వస్తున్నది" అన్నాడు చిన్నోడు, చెయ్యి పైకెత్తి.

ఆ తర్వాతి కాలం నా బతుకులో మంచి కాలం. పాత హిందీ పాటలకు 'ఫరిష్తా', కర్ణాటక సంగీతానికి 'శ్రుతి', హిందుస్తానీకి 'గంధర్వ్', తమిళానికి 'కేఎల్ రేడియో', కన్నడానికి 'స్పర్శ', అన్నీ నాలో ఉండేవి. మా ప్రచారానికి ఏఆర్ రెహ్మాన్ వచ్చాడు. ఇంట్లో మాత్రం మీట ఎప్పుడూ స్పందన దగ్గరే ఆగేది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన బాపు పొద్దున్నే చాయ్ తాగుతూ ఘంటసాల పాట వింటే ఇక నిద్రకు తొందరపడేవాడు కాదు. ఆ వరసలో ఉన్న నాలుగైదు తెలుగు కుటుంబాల ఆడవాళ్లు పని చేతబట్టుకుని మా గడప దగ్గరికి చేరేవాళ్లు. గుజరాతీ బడికి పోయే మనవరాలు నా మాటలు విని "అలుక" అంటే ఏందని నాయనమ్మను అడిగింది. ఆ పిల్ల తెలుగులో నా పాలు కొంత ఉంది. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఉంది.

ఏటా జనవరిలో ఒక్కటే భయం. ఉత్తరాయణ్ పతంగుల పండుగకు సూరత్ డాబాలన్నీ జనంతో నిండుతాయి. తెగిన మాంజా వచ్చి నా పలకకు చుట్టుకుని లాగితే దిశ తప్పేది, పాట ఠక్కున ఆగేది. డిజిటల్ సంకేతంతో వచ్చిన చిక్కే అది. అందితే నిండుగా అందుతుంది, లేదంటే పూర్తిగా పోతుంది, సన్నగా వినిపించడం అంటూ ఉండదు. బాపు చీపురు కట్టతో మాంజా తీసి, పలకను మళ్లీ ఆగ్నేయానికి తిప్పేవాడు.

ఇప్పుడు నా సాహసం గురించి చెబుతాను. 2008 దసరాకు చిన్నోడు తన పాత బుల్లెట్ మీద ఊరికి బయల్దేరాడు. అమెరికాలో గోల్డ్‌వింగ్ లాంటి దూరప్రయాణపు బండ్లకు ఎక్స్‌ఎం ఉపగ్రహ రేడియో బిగించుకుంటారని ఎవరో చెప్పగా విని, నన్నూ అలాగే తీసుకుపోవాలనుకున్నాడు. ఎక్స్‌ఎం నాకు దూరపు చుట్టమే, వరల్డ్‌స్పేస్ మొదట్లో అందులో పెట్టుబడి పెట్టింది. కానీ దాని వసతి వేరు. 2001లో పైకెళ్లిన 'రాక్', 'రోల్' అనే రెండు శక్తిమంతమైన ఉపగ్రహాలు, వాటికి తోడు పెద్ద నగరాల్లో నేలమీద సంకేతాన్ని తిరిగి పంపే రిపీటర్లు దానికి ఉండేవి. అందుకే అక్కడ అరచేతిలో పట్టే యాంటెన్నాను బండి వెనక డిక్కీ మీద అతికించి, వైరు సీటు కిందుగా లాగితే చాలు. ఎటు తిరిగినా పాట ఆగదు. మా దేశంలో 2005లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఉపగ్రహ రేడియో మీద సిఫార్సులు ఇచ్చింది, విధానం మాత్రం నా కాలం ముగిసేదాకా ఖరారు కాలేదు. రిపీటర్లు రాలేదు. కదిలే బండి మీద పాడడానికి నన్ను తయారుచేయలేదు.

చిన్నోడికి అదంతా తెలుసు. అయినా పట్టు వదల్లేదు. వెనక ఇనుప పెట్టెలో నన్ను పెట్టి, కదలకుండా రెండు పట్టీలతో బిగించాడు. అదురు తగలకుండా కింద సైకిల్ ట్యూబు ముక్కలు పరిచాడు. నా ఒంటికి రెండు వైపులా మరలకు రంధ్రాలు వేసినప్పుడు నొప్పి అనలేను గాని, భయపడ్డాను. బ్యాటరీ నుంచి వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, నాకు కావలసినంతకే ఓల్టేజి తగ్గించే చిన్న సర్క్యూటు కలిపాడు. తాళం తిప్పితేనే నాకు కరెంటు వచ్చేలా చూశాడు. పలకకు మాత్రం కొత్త ఉపాయం చేశాడు. పాడైన టేబుల్ ఫ్యాన్ మెడను పెట్టె మూతకు బిగించి దానిమీద పలకను కూర్చోబెట్టాడు. పైకీ కిందికీ వంగుతుంది, పక్కలకు తిరుగుతుంది. బుల్లెట్ అదురుకు యాంటెన్నా పిన్ను వదులవుతుంటే ఖాతాలోంచి తెచ్చిన పాలిస్టర్ దారం చుట్టి బిగించాడు. ఆ ముడి చాలా ఏళ్లు నిలిచింది.

వెనక కూర్చున్న బావమరిదికి పలకను తిప్పే పని అప్పజెప్పాడు. బార్డోలీ దాటి రోడ్డు తిన్నగా తూర్పుకు సాగినంతసేపు నేను ఆగకుండా పాడాను. కుడివైపు లారీ వస్తే గొంతు పోయేది, దాటితే కొన్ని క్షణాలకు తిరిగి వచ్చేది. వ్యారా, సోన్‌గఢ్ దగ్గర రోడ్డు పక్క చెట్లు అడ్డం వచ్చాయి. నవాపూర్ తర్వాత కొండాయిబారి ఘాట్ ఎక్కుతుంటే మలుపు మలుపుకూ దిక్కు మారింది. బావమరిది ఒక చేత్తో బండిని పట్టుకుని, ఇంకో చేత్తో పలకను ఆగ్నేయానికి తిప్పుతూనే ఉన్నాడు.

"బావా, జెర మెల్లగ పోరాదు, పాట తెగుతున్నది."

"నువ్వు తిప్పుడు ఆపకు. చరణం అయిపోతది."

ఆ చరణం పూర్తిగా వినిపించలేకపోయాను. కానీ ఘాట్ దాటాక ఒక చాయ్ దుకాణం దగ్గర బండి ఆపి పలకను సరిచేస్తే నిండుగా పలికాను. పక్కనే ఆగిన ఏపీ నంబరు లారీలోంచి డ్రైవరు దిగి వచ్చి, "ఏ స్టేషనండీ ఇది? ఇక్కడ తెలుగెట్లా వస్తోంది?" అన్నాడు. చిన్నోడు పెట్టె మూత తెరిచి నన్ను చూపించాడు. ఆయన చాయ్ చల్లారిపోయేదాకా నా దగ్గరే నిలబడ్డాడు. అంత దూరం నుంచి వచ్చిన నా పాట ఒక మనిషిని అలా నిలబెట్టిందంటే, నన్ను చేసింది అందుకేనని నమ్ముతాను.

తెలంగాణలోకి దిగేకొద్దీ ఆసియాస్టార్ ఇంకా పైకి వచ్చింది. హైదరాబాద్ దగ్గర అది 53 డిగ్రీల ఎత్తున ఉంటుంది. చిన్నోడు ఫ్యాన్ మెడను కొంచెం వెనక్కి వంచాడు. ఊళ్లో ముంగిట్లో నన్ను దించి పెట్టి నా గురించి గొప్పగా చెప్పాడు.

ఆ దసరా అయి పది రోజులు కాకముందే, 2008 అక్టోబరులోనే, కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. చందాదారులు ఎక్కువమంది ఇండియాలోనే ఉండేవాళ్లు, కానీ రెండు ఉపగ్రహాలను నడిపే ఖర్చుకు మా చందాలు చాలలేదు. 2009 డిసెంబర్ 31తో ఇండియాలో ప్రసారాలు ఆగిపోయాయి.

జనవరి ఒకటిన బాపు ఎప్పటిలాగే చాయ్ గ్లాసుతో వచ్చి మీట నొక్కాడు. సిగ్నల్ గీతలు లేవు. డాబా ఎక్కాడు. పతంగుల రోజులు కాబట్టి మాంజా తగిలిందేమోనని వెతికాడు. తీగ ఊడిందేమోనని చూశాడు. పలకను తడిగుడ్డతో తుడిచాడు, తిప్పాడు, మళ్లీ తిప్పాడు. "ఇగ రాదు బాపూ, బంద్ అయింది" అని చిన్నోడు చెప్పినా నమ్మలేదు. పతంగుల పండుగ దాటాక కూడా చాన్నాళ్లు పొద్దున్నే నా మీట నొక్కి చూసేవాడు. తప్పు తన యాంటెన్నాలోనే ఉందనుకున్నాడు. ఆ మనిషి మీద నాకు ఏ కోపమూ లేదు.

నాకు ఫిర్యాదు ఉన్నది నన్ను తయారుచేసిన పద్ధతి మీద. ఆ ఇంటి పాత ట్రాన్సిస్టర్ ఒక స్టేషను మూతపడితే ఇంకో స్టేషను పట్టేది. నా చెవి ఒక్క కంపెనీకే తెరుచుకునేలా చేశారు. ఆ తాళంచెవి వాళ్లతోనే పోయింది. సమారా తర్వాత ఆ ఉపగ్రహాలను తిరిగి చేజిక్కించుకుని, బడి పిల్లలకు పాఠాలు పంపే 'యాజ్మీ' అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. అది మంచి పనే. అందులో నాబోటి పాత పెట్టెలకు చోటు లేదు.

తర్వాత నా అడాప్టరు పిల్లల బొమ్మకు పోయింది. నా యాంటెన్నా పలకను కూలర్ కాలు కింద ఎత్తుకు పెట్టారు. ఆగ్నేయం వైపు చూసిన పలక నేలకు ముఖం పెట్టి నీళ్లలో నానింది. నా మీద నూనె సీసా పెట్టారు, కరెంటు బిల్లులు పెట్టారు, తర్వాత అటక మీదికి ఎక్కించారు. అక్కడ ఎలుకలు నా స్పీకరు గుడ్డ కొరికాయి. కింద సెల్‌ఫోనులో తెలుగు పాటలు వినపడేవి. అడిగిన పాట అడిగిన క్షణంలో వచ్చేది, వాళ్ల సంతోషం నాకూ సంతోషమే. కానీ గడప దగ్గర నలుగురు చేరడం ఆగిపోయింది, ఎవరి చెవిలో వాళ్లకు పాట. ఒక దీపావళికి ఇల్లు దులిపినప్పుడు కోడలు నన్ను పాత టేబుల్ ఫ్యాన్‌తో కలిపి తూకానికి వేసింది. బాపు అప్పటికి లేడు.

ఇక్కడ నా విలువ స్పీకరు వెనక అయస్కాంతానిది, నాలోని కాస్త రాగిది. అది కూడా పూర్తిగా ఇవ్వలేదు. దుకాణంవాడు నా రెండు పక్కలా ఉన్న మరల రంధ్రాలు చూపించి, పెట్టె పగిలిందని ధర తగ్గించాడు. కొండాయిబారి ఘాట్ మీద నన్ను పట్టి ఉంచిన రంధ్రాలవి. నాకే నోరుంటే ఆ రెండు రంధ్రాలకు ఇంకొంచెం ఎక్కువే అడిగేదాన్ని.