‘ధైర్యంగా ఉండు’ అనే ముందు

మా అక్కకు నలభై రెండో ఏట ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. కాళ్లు లాగేస్తున్నాయంది. గుండెల్లో మంటంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందంది. రక్తపరీక్షలు, ఈసీజీ, స్కానింగు అన్నీ చేయించాం. ఎక్కడా ఏమీ తేలలేదు. నేను రిపోర్టులు చేత్తో పట్టుకుని, ‘‘నీకేం లేదక్కా, ఊరికే ఆలోచిస్తున్నావు. ధైర్యంగా ఉండు’’ అన్నాను. ఆ తర్వాత అక్క నాకేమీ చెప్పలేదు. నయమైందనుకున్నాను. నాలుగు నెలలకు ఒక మానసిక వైద్యుడి ముందు కూర్చున్నాం. ‘‘ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదామ్మా?’’ అని ఆయన అడిగాడు. అక్క నా వైపు చూడకుండా, ‘‘చెప్పానండీ. ఏమీ లేదన్నారు’’ అంది.

ఆ రోజు నుంచి, మనం ప్రేమతోనే ఇచ్చే సలహాల్లో ఏవి మనిషి నోరు మూయిస్తాయో గమనిస్తూ వచ్చాను. గుండెజబ్బుకూ కీళ్లనొప్పికీ ఒకే మాత్ర వేయం. మనసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్ని జబ్బులకూ ‘పిచ్చి’ అని ఒకటే పేరు, ‘ధైర్యం’ అని ఒకటే మందు. మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. రుగ్మతను బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. ఆ ఖాళీలో సలహాలే తిరుగుతుంటాయి. వాటిలో మానేయాల్సినవి ఇవి.

1. ‘‘నీకేం తక్కువ? ధైర్యంగా ఉండు’’

డిప్రెషన్ ఉన్న మనిషికి ఇచ్చే సలహా ఇది. దుఃఖం వేరు, డిప్రెషన్ వేరు. దుఃఖంలో ఉన్నవాళ్లు మనవడు వచ్చి ఒళ్లో కూర్చుంటే కాసేపైనా నవ్వుతారు. డిప్రెషన్లో ఆ మనవడి మీద కూడా మనసు పోదు. రోజంతా దిగులు, లేదా ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం. దానితో పాటు నిద్ర, ఆకలి మారిపోవడం, నీరసం, ఏకాగ్రత లేకపోవడం, తాను ఎందుకూ పనికిరానన్న భావన, చావు గురించిన ఆలోచనలు. ఇలాంటివి కొన్ని కలిసి, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు పైగా ఉంటే అది జబ్బు.

మన దగ్గర చాలామంది ‘దిగులుగా ఉంది’ అనరు. తల బరువంటారు, ఒళ్లంతా మంటలంటారు, తిన్నది అరగడం లేదంటారు. పరీక్షల్లో ఏమీ తేలకపోతే ‘ఏమీ లేదు’ అని అర్థం కాదు. వెతకాల్సిన చోటు ఇంకొకటి ఉందని అర్థం. ధైర్యం తెచ్చుకునే శక్తినే ఆ జబ్బు ముందుగా లాగేసుకుంటుంది. కాలు విరిగినవాడితో, నడిస్తే తగ్గుతుందని ఎవరమూ అనం.

2. ‘‘ఆలోచించడం మానెయ్’’

కోతిని తలుచుకోకుండా మందు తాగమన్న కథ మనందరికీ తెలుసు. ఆందోళన జబ్బులున్న వాళ్లతో ఈ మాట అనడం అలాంటిదే. వీటిలోనూ రకాలున్నాయి. ఫీజు, పెళ్లి, ఆరోగ్యం, రేపటి బస్సు, ఇలా అన్నింటి గురించీ నెలల తరబడి ఆగని బెంగ ఒకటి. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, చేతులు తిమ్మిరెక్కి, ఇప్పుడే చచ్చిపోతానన్నంత భయం కమ్మే పానిక్ అటాక్ ఇంకొకటి. అది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి మెల్లగా దిగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు గుండె పరీక్ష చేయించాల్సిందే. గుండె బాగుందని తేలాక ‘నాటకం’ అనకూడదు. ఆ భయం నటన కాదు.

వీటికి దగ్గరగా ఉండే మరో జబ్బు మనం ‘చాదస్తం’ అని కొట్టిపారేసే ఓసీడీ. చేతులు శుభ్రంగా లేవన్న ఆలోచన వద్దన్నా వస్తుంది. అది అర్థం లేనిదని ఆ మనిషికీ తెలుసు. అయినా కడిగితేగాని స్థిమితం లేదు. కడిగిన కాసేపటికి మళ్లీ అదే ఆలోచన. రోజులో గంటలు దీనికే పోతాయి. ఇంట్లోవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ‘‘తాళం వేశానా?’’ అని పదిసార్లు అడిగితే పదిసార్లూ ‘‘వేశావమ్మా’’ అంటారు. ఆ ఊరట క్షణకాలం పనిచేసి అనుమానాన్ని ఇంకా పెంచుతుంది. చికిత్సలో దీనికి విరుద్ధంగా, అనుమానం వచ్చినా చూసుకోకుండా కాసేపు ఓర్చుకోవడం మెట్టుమెట్టుగా నేర్పిస్తారు. మందులూ బాగా పనిచేస్తాయి.

3. ‘‘ఇన్నాళ్లకు హుషారొచ్చింది, ఆపకండి’’

నెలల తరబడి ముసుగుతన్ని పడుకున్న కుర్రాడు ఒక్కసారిగా లేచి, గలగలా మాట్లాడుతూ, రాత్రి రెండు గంటలు పడుకుని తెల్లారేసరికి వ్యాపారం ప్లాను చెబుతుంటే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. వారం తిరిగేసరికి అప్పులు చేస్తాడు, దారినపోయేవాళ్లకు డబ్బులిస్తాడు, అడ్డొస్తే కలబడతాడు. ఇది బైపోలార్ రుగ్మతలో ఉన్మాద దశ. ముందుగా గమనించాల్సింది నిద్రను. నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు. నిద్ర లేకపోయినా అలసట కనిపించకపోతే ఆలస్యం చేయకండి.

డిప్రెషన్ కోసం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, గతంలో ఇలాంటి ఊపు ఎప్పుడైనా వచ్చిందేమో తప్పకుండా చెప్పండి. బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాద దశలోకి నెట్టే ప్రమాదముంది. ఈ జబ్బుకు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. ఇప్పటికీ అది ముఖ్యమైన మందే. రక్తంలో దాని మోతాదు ఎప్పటికప్పుడు పరీక్షించుకుంటూ వాడాలి.

4. ‘‘పెళ్లి చేస్తే అదే కుదురుతుంది’’

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అని మన సామెత. ఎన్నో జీవితాలు ఆ ముడిలో చిక్కుకున్నాయి. దీనికి ఎక్కువగా బలయ్యేది స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు. ఆ జబ్బు సాధారణంగా టీనేజీ చివర నుంచి ఇరవైల్లో బయటపడుతుంది. మన ఇళ్లలో సంబంధాలు చూసే వయసూ అదే. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. పక్కింటివాళ్లు తన మీద కుట్ర చేస్తున్నారని, టీవీలో తన గురించే చెబుతున్నారని గట్టిగా నమ్ముతారు. మాట పొంతన తప్పుతుంది. ఇవి అందరికీ కనిపిస్తాయి. కనిపించనివి ఇంకొన్ని ఉంటాయి: స్నానం మీద శ్రద్ధ పోవడం, స్నేహితులను వదిలేయడం, ముఖంలో భావం తగ్గిపోవడం. వీటిని ఇంట్లో ‘బద్ధకం’ అంటారు.

పెళ్లితో వచ్చే కొత్త ఇల్లు, కొత్త మనుషులు, చెదిరిన నిద్ర ఈ జబ్బుకు మంచివి కావు. అన్నిటికన్నా చేటు చేసేది దాపరికం. అత్తవారింట్లో తెలిసిపోతుందని అమ్మాయి మాత్రలు ఆపేస్తుంది. జబ్బు తిరగబెడుతుంది. ‘మోసం చేశారు’ అన్న మాటతో పుట్టింటికి వస్తుంది. మందులతో నిలకడగా ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు. అవతలివాళ్లకు నిజం చెప్పి చేసుకోవాలి. పెళ్లి మందు కాదు.

ఇంకో అపోహ. ‘అపరిచితుడు’ సినిమాలోలా ఒకే ఒంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులుండడమే స్కిజోఫ్రీనియా అని చాలామంది అనుకుంటారు. కాదు, అది వేరే రుగ్మత. స్కిజోఫ్రీనియా ఉన్న మీ తమ్ముడు అన్నంలో విషం కలిపారని అంటే వాదించకండి, తలూపకండి. ‘‘నీకు భయంగా ఉందని తెలుస్తోందిరా, నేనిక్కడే ఉంటాను’’ అనండి.

5. ‘‘గాలి సోకింది, డాక్టర్ల వల్ల కాదు’’

అమ్మవారి జాతరలో పూనకం రావడం జబ్బు కాదు. ఆ సమయానికి వచ్చి, ఆ తంతుతో పోయి, మనిషి మర్నాడు తన పనిలో పడితే వైద్యం అక్కర్లేదు. ఆ మనిషి వద్దనుకున్నా, సందర్భం లేకుండా పదేపదే వచ్చి, బతుకుకు అడ్డుపడుతుంటే అప్పుడు చూపించాలి. జ్వరంతో పాటు ఉన్నట్టుండి మాట తేడా వస్తే మంత్రం కోసం ఒక్క గంట కూడా పోగొట్టుకోకండి. అది మెదడుకు ఇన్ఫెక్షన్ కావచ్చు.

తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గర నడిచిన ఒక ఆశ్రయంలో 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ వదిలింది సొంత కుటుంబాలే, నయమవుతుందన్న ఆశతోనే. 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. గుడికి, దర్గాకు, చర్చికి వెళ్లండి. మాత్రలు వేయించి తీసుకెళ్లండి.

6. ‘‘బాలింత ఏడవకూడదు’’

కాన్పయిన మొదటి రోజుల్లో కన్నీళ్లు చాలామందికి వస్తాయి, రెండు వారాల్లోపే తగ్గిపోతాయి. తగ్గకుండా, బిడ్డ మీద మమకారం కలగడం లేదన్న అపరాధభావంతో ఆమె కుమిలిపోతుంటే అది ప్రసవానంతర డిప్రెషన్. ‘కూతురు పుట్టిందని ఏడుస్తోంది’ అంటూ కథలు కట్టకండి. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి మరో తీవ్రమైన స్థితి వస్తుంది. నిద్ర పట్టక, మాట పొంతన తప్పి, బిడ్డ గురించి వింత నమ్మకాలు మొదలవుతాయి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

7. ‘‘మగాడివైతే ఇవాళ్టి నుంచి చుక్క ముట్టకు’’

ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించి, ఎక్కడున్నాడో తెలియని స్థితికి వెళ్లొచ్చు. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్లు వరస కట్టారు. కల్తీ కల్లులో కలిపే మత్తుమందులు అందకపోయినా ఇలాగే అవుతుంది. మానాలన్న నిర్ణయం గొప్పదే, దాన్ని ఆసుపత్రిలో మొదలుపెట్టించండి. వ్యసనం జబ్బు. పౌరుషానికి లొంగేది కాదు.

8. ‘‘వయసు అలాంటిది’’

ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని, ఏడాదిన్నరకు కూడా వేలు పెట్టి చూపించని బిడ్డ గురించి ‘వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యమే’ అంటూ కూర్చోకండి. ఆటిజం కోసం పరీక్ష చేయించండి. ముందుగా మొదలుపెట్టిన శిక్షణే బాగా పనిచేస్తుంది. అటు చివర, తాతయ్య తాళాలు ఎక్కడో పెట్టి మరచిపోవడం మామూలే. తెలిసిన వీధిలో దారి తప్పితే మాత్రం అది డిమెన్షియా కావచ్చు. బీ12 లోపం, థైరాయిడ్ వల్ల వచ్చే మతిమరుపైతే చికిత్సతో బాగుపడే అవకాశముంది.

9. ‘‘బాగున్నావుగా, మందులాపెయ్’’

డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే ‘పనిచేయలేదు’ అని ఆపేవాళ్లున్నారు, మూడు నెలలకు ‘నయమైంది’ అని ఆపేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ తొందరే. అలవాటుపడే భయం కొన్ని నిద్రమాత్రల విషయంలో నిజం. వాటిని డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. డిప్రెషన్, స్కిజోఫ్రీనియా మందులు మత్తుపదార్థాల్లా వ్యసనం కావు. ఏ మందునైనా డాక్టరు సలహాతోనే మెల్లగా తగ్గించాలి. కూర్చుని మాట్లాడే కౌన్సెలింగు కూడా చికిత్సే.

10. ‘‘చావు మాట ఎత్తకు, అపశకునం’’

అన్నింటిలోకీ ప్రమాదకరమైన సలహా ఇదే. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికొస్తుంది. సూటిగా, మెల్లగా అడగండి. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. పురుగుమందు ఇంట్లో ఉంటే అందకుండా బయటికి చేర్చండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 చట్టం చెబుతోంది. శిక్ష కాదు, సంరక్షణ ఇవ్వమంటోంది. ఏ వేళనైనా 14416కు ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.

ఇవన్నీ మానేస్తే ఇక ఏం మాట్లాడాలి? నాకు తెలిసి మూడు ప్రశ్నలు చాలు. ఎప్పటి నుంచి ఇలా ఉంది? నిద్ర, తిండి, పని ఎలా సాగుతున్నాయి? డాక్టరు దగ్గరికి నేనూ రానా? జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా ఆగాలి. నాకు కష్టంగా తోచింది అదొక్కటే.

ఇప్పుడు అక్క ఫోన్ చేస్తే ధైర్యం చెప్పడం మానేశాను. ‘‘పొద్దున ఎన్నింటికి మెలకువొచ్చిందక్కా?’’ అని అడుగుతాను. మొదట్లో మూడున్నర అనేది. తర్వాత నాలుగైంది. మొన్న ఒకరోజు, ‘‘ఐదున్నరరా. పాలవాడు బెల్లు కొట్టేదాకా లేవలేదు’’ అంది. ఆ తర్వాత నేను అడక్కుండానే, మధ్యలో రెండు రోజులు బాగాలేదని, మాత్ర మార్చారని, ఏడుపొచ్చిందని అన్నీ చెప్పింది.