చిటికెడు పసుపు

2024 మార్చి మొదటి వారంలో కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయింది. లోతు వెయ్యి అడుగుల పైమాటే. ఇక్కడ కింద ఉన్నదంతా గ్రానైట్ రాయి. దాని పగుళ్లలోకి ఇంకిన వాననీరే బోర్లకు ఆధారం. ఇంకడానికి మా వీధిలో మట్టి కనబడే చోటు లేదు. ఒకనాడు గోల్కొండకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు దగ్గర్లోనే ఉన్నా, మేం ట్యాంకర్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాం.

నలభై ఎనిమిది ఫ్లాట్లు. రోజుకు ఐదు ట్యాంకర్లు. ఒక్కోటి 5,000 లీటర్లు. ఆ ఏడాది కార్యదర్శిని నేను. ట్యాంకర్ వచ్చిన వేళ, బండి నంబరు వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాసేవాడు. రాత్రి ఆఫీసు నుంచి రాగానే నేను పేజీ కింద సంతకం పెట్టేవాణ్ని. నెలాఖరున దాన్ని బట్టే బిల్లు.

మార్చి బిల్లు వచ్చింది. మేం వేసుకున్న లెక్కకన్నా వారానికో ట్యాంకర్ ఎక్కువ.

ఏప్రిల్ 7, ఆదివారం, మీటింగ్ పెట్టాం. ఫ్లాట్లకు నీళ్లు వేళల ప్రకారం వదులుదామన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. మాట మెల్లగా సెల్లార్‌లోని నల్లా మీదికి వచ్చింది. అది వాచ్‌మన్ కుటుంబం వాడుకునేది. అతనిది పాలమూరు. భార్య, ఇద్దరు పిల్లలు. ఊరి నుంచి చుట్టాలు వస్తుంటారని ఒకరన్నారు. రాత్రిపూట నల్లా తిప్పి వదిలేస్తారేమోనని ఇంకొకరు.

అతన్ని పిలిచాం.

"రిజిస్టర్ల రాసిన సార్," అన్నాడు.

"ట్యాంకర్ల లెక్క సరిగ్గానే ఉందయ్యా. అడిగేది దాని గురించి కాదు," అన్నాను.

అతను ఇంకేం మాట్లాడలేదు. నల్లా పిడి ఊడదీయించి నా దగ్గర పెట్టుకున్నాను. రోజుకు ఆరు బిందెలు. పొద్దున్నే నేనే దిగి పిడి బిగించి, బిందెలు నిండాక తీసుకుపోయేవాణ్ని. రెండు రోజులకు ఉగాది. ఆ రోజూ ఆరే.

రెండు వారాలు గడిచాయి. ట్యాంకర్లు తగ్గలేదు.

ఏప్రిల్ 21న ప్లంబర్‌ను పిలిపించాను. గోదావరి వైపు మనిషి.

"నల్లా కారితే కంటికి కనబడుద్ది సార్. ఫ్లష్ ట్యాంక్ కారితే కనబడదు. పసుపేసి చూడాలి," అన్నాడు.

ఇంటింటికీ వెళ్లాడు. ఫ్లష్ ట్యాంక్ మూత తీసి చిటికెడు పసుపు కలిపి పావుగంట ఆగడం. ఈలోగా ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు. కమోడ్‌లో నీళ్లు పచ్చబడితే లోపలి వాచర్ పోయినట్టు. సాయంత్రానికి నలభై ఏడు ఫ్లాట్లు అయ్యాయి. ఎక్కడా పచ్చబడలేదు.

మిగిలింది 304. సంక్రాంతి తర్వాత ఓనరు డాలస్ వెళ్లిపోయాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది. అతనికి ఫోన్ చేసి అడిగి తలుపు తీశాం. ఖాళీ ఇంట్లో పసుపు లేదు. వాచ్‌మన్ భార్య కాగితంలో పొట్లం కట్టి తెచ్చిచ్చింది. ఈసారి నేనే వేశాను.

పావుగంట అక్కర్లేకపోయింది. తెల్లటి కమోడ్ మీద పసుపు చార దిగింది.

ప్లంబర్ ట్యాంక్‌కు నీళ్లొచ్చే వాల్వ్ కట్టేసి గడియారం చూశాడు. ఎనిమిది లీటర్ల ట్యాంక్ పదహారు నిమిషాల్లో ఖాళీ అయింది. నిమిషానికి అర లీటరు. రోజుకు 720 లీటర్లు. ఏడు రోజులకు ఒక ట్యాంకర్.

వాచర్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. రబ్బరు గట్టిపడింది. అంచుల్లో బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకుంది. గోరు తగిలితే పెచ్చు ఊడింది. కొత్తది నలభై రూపాయలు.

కారణం రాసిపెడదామని కిందికి వచ్చి రిజిస్టర్ తెరిచాను. చేతులు కడుక్కోలేదు.

ముందురోజు పేజీలో ట్యాంకర్ల వరస కింద ఒక లైను ఉంది. "304 పైపుల నీళ్ల సప్పుడు. రాత్రి 2." అతని గది గోడకు ఆనుకునే ఆ పైపు దిగుతుంది. అంతకుముందు పేజీలోనూ అదే లైను. దానికి ముందు పేజీలోనూ. వెనక్కి తిప్పుతూ పోయాను. తిప్పిన ప్రతి పేజీ మూలన నా బొటనవేలి పసుపు అంటుకుంటోంది. ఉగాది నాటి పేజీలో ఉంది. మీటింగ్ నాటి పేజీలో ఉంది. మొట్టమొదటిది మార్చి 9న.

ప్రతి పేజీ అడుగున నా సంతకం ఉంది. సంతకం పైన, నా చేతిరాతతోనే, ఒక్క మాట ఉంది: "చూశాను."