విరిగిన బోల్టు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఆటోనగర్ షెడ్డులో కారు ఎగ్జాస్టు మానిఫోల్డు విప్పుతూ ఉండగా చివరి స్టడ్డు టక్కుమని విరిగింది. నట్టుతోపాటు స్టడ్డులో సగం పానాలోకి వచ్చింది. మిగతా సగం సిలిండర్ హెడ్డులోనే ఉండిపోయింది. కారు యజమాని తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. కుర్ర మెకానిక్, తప్పంతా తన చేతిలోని లివరు పైపుదే అయినట్టు దాని వంక గుర్రుగా చూస్తున్నాడు. అప్పుడు పెద్దమేస్త్రీ చెప్పిన హితోపదేశంగా ఈ పద్యాన్ని గ్రహించాలి. కవి పేరు తెలియదు. ప్రతి మీద సంతకం ఉండవలసిన చోట గ్రీజు వేలిముద్ర ఉంది.

ఆ.వె. బోల్టు విరిగె ననుచుఁ బొగులంగ నేటికి
నూనె పోసి వేడి నొసగి తిప్పు
ఎడమ తిరుగు బరమ యెత్తికొనుచు వచ్చు
పట్టుకారు శూర! పలుకు వినుము

ప్రతిపదార్థం

పట్టుకారు శూర = పట్టుకారు చేతబట్టిన వీరుడా; పలుకు = నా మాటను; వినుము = ఆలకింపుము; బోల్టు = మరలు గల ఇనుప కడ్డీ (ఇక్కడ స్టడ్డు అని గ్రహించాలి); విరిగెన్ అనుచున్ = తెగిపోయిందని; పొగులంగన్ = దుఃఖించడం; ఏటికి = ఎందుకు; నూనె పోసి = తుప్పు సందుల్లోకి దిగే నూనె పోసి; వేడిన్ ఒసగి = సెగ పెట్టి; తిప్పు = విప్పే దిక్కుకు తిప్పుము; ఎడమ తిరుగు బరమ = ఎడమ వైపుకు తిరుగుతూ కోసే డ్రిల్లు బిట్టు; ఎత్తికొనుచు వచ్చు = విరిగిన ముక్కను తనతోపాటు బయటికి తెచ్చును.

తాత్పర్యం

ఓ మెకానిక్కూ, ఏడవకు. ముందు నూనె, తర్వాత సెగ, ఆ తర్వాతే బలం. అప్పటికీ రాకపోతే ఎడమ బిట్టుతో డ్రిల్లు వేయి.

విశేషాలు

మెదక్ సీమ కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిన పట్టాడు. ఆయనకు దొరికింది కాళిదాసు. మనకు దొరికింది సగం స్టడ్డు. మూలంలో లేనిదే ఇక్కడ ఎక్కువ కాబట్టి ఆ ప్రతిన మనకు సాగదు.

"బోల్టు విరిగె": కవి లోకజ్ఞత చూడండి. "విరిచితివి" అనలేదు. ఏ షెడ్డులోనూ ఎవరూ బోల్టు విరవరు, దానంతట అదే విరుగుతుంది. ఇది మర్యాద కోసం అన్న మాటే గాని నిజానికి విరిచింది పైపే. పానా పొడవు ఊరికే పెట్టినది కాదు. 10 సైజు పానా పొట్టిగా, 19 సైజుది పొడుగ్గా ఉండడానికి కారణం, చిన్న బోల్టు పెద్ద మెలిని భరించలేకపోవడమే. పానాకు పైపు తొడిగి పిడి పొడవును రెట్టింపు చేస్తే, అదే చేతి బలానికి మెలి కూడా రెట్టింపవుతుంది. బోల్టు తల మీద 8.8 అని ఉంటుంది. మొదటి అంకెను నూరుతో హెచ్చిస్తే 800 మెగాపాస్కల్, అది తెగే హద్దు. అందులో 0.8 వంతు 640, అది సాగే హద్దు. ఈ రెండింటి నడుమ బోల్టు సాగుతుంది కాని తిరిగి మామూలు కాదు. చేతికి ఆ సాగుడు మెత్తగా తగులుతుంది. "వస్తోంది, వస్తోంది" అని కుర్రాడు కేక వేసేది సరిగ్గా అప్పుడే. వచ్చేది సగమే.

మానిఫోల్డు స్టడ్డే విరగడానికి కారణం ఉంది. హెడ్డు అల్యూమినియం, స్టడ్డు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజను స్టార్టయినప్పుడల్లా, ఆగినప్పుడల్లా ఈ రెండింటికీ లాగులాట. ఆపై తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది గనక మరల సందులన్నీ బిగదీసుకుపోతాయి. విశాఖ, కాకినాడ బళ్లకు సముద్రపు ఉప్పుగాలి అదనం.

"నూనె పోసి": ఏ నూనె అన్నచోట వ్యాఖ్యాతలు కొట్టుకున్నారు. డబ్ల్యూడీ-40 అని ఎక్కువమంది పక్షం. అది 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ తయారుచేసిన ద్రవం. అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా నీటిని తరిమేయడం దాని మొదటి పని, నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది గనక ఆ పేరు. నీటిని తరమడం వేరు, తుప్పులోకి దిగడం వేరు. కాబట్టి తుప్పు వదిలించడానికని అమ్మే నూనె డబ్బానే ప్రశస్తం. అది దొరకనివారు ఆటోమేటిక్ గేర్ల నూనెనూ అసిటోన్‌నూ చెరిసగం కలుపుతారు. ఇక "పోసి" అన్న క్త్వార్థకంలోనే పద్యం ప్రాణమంతా ఉంది. పోయడానికీ తిప్పడానికీ మధ్య కాలం గడవాలి. ఎంత కాలం? టీ తాగి వచ్చేంత అని అల్పజ్ఞులు. రాత్రంతా అని మా పక్షం. సాయంత్రం పోసి, సుత్తితో స్టడ్డు చివర నిలువుగా నాలుగు చిన్న దెబ్బలు వేసి, మళ్లీ పోసి, ఇంటికి పోవాలి.

"వేడి నొసగి": ఇక్కడ పూర్వపక్షం గట్టిది. నూనె పోసిన చోట సెగ పెడితే అంటుకోదా? అంటుకుంటుంది. అందుకే నూనె దిగాక పైన మిగిలినది పొడిగా తుడవాలి, పెట్రోలు గొట్టాలు, రబ్బరు, వైర్లు తప్పించాలి, మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి. బ్రేక్ క్లీనరుతో కడిగి వెల్డింగు చేయబోయేవారు మరింత జాగ్రత్త. క్లోరిన్ ఉన్న క్లీనరు ఆ వేడికి ఫాస్జీన్ విషవాయువుగా మారుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలినది ఆ వాయువునే. కవి ఇది చెప్పలేదు, చెప్పి ఉండవలసింది.

సెగ చేసే పని సూక్ష్మం. కాగిన స్టడ్డు ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న లోహం అడ్డుపడుతుంది, చల్లారేటప్పుడు కుంచించుకుపోతూ తుప్పు పట్టును తెంచుకుంటుంది. అయితే హెడ్డు అల్యూమినియం అన్నది మరవరాదు. ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఎర్రబడకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. అందుకే ఈ పాదంలో ధ్వనిగా వెల్డింగు ఉందని గ్రహించాలి. ముక్క చివర మీద వాషరు, దాని మీద నట్టు పెట్టి, నట్టు కన్నంలోంచి వెల్డు నింపితే సెగ హెడ్డుకు కాక నేరుగా స్టడ్డు గుండెకు తగులుతుంది, పానాకు పట్టూ దొరుకుతుంది. ఆటోనగర్‌లో సగం కేసులు ఇక్కడే ముగుస్తాయి. వెల్డింగుకు ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి, లేకపోతే కంప్యూటర్ పెట్టెకు కూడా బిల్లు వస్తుంది.

"తిప్పు": ఒక పావు చుట్టు విప్పు, కాస్త బిగించు, మళ్లీ విప్పు. ఏకబిగిన తిప్పమని కవి అనలేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో రెండో పాదం "నూనె పోసి సుత్తి నూకి కొట్టు" అని ఉంది. యతీ గణాలూ సరిపోతాయి కాని మనసు ఒప్పదు. అది రాసినవాడికి ఆ రోజు కోపం వచ్చి ఉండాలి.

"ఎడమ తిరుగు బరమ": ఇదే పద్యానికి శిఖరం. మామూలు బిట్టు కుడి వైపుకు తిరుగుతూ కోస్తుంది, ముక్కను ఇంకా లోపలికే బిగిస్తుంది. ఎడమ బిట్టు కోస్తూనే విప్పుతుంది. చాలాసార్లు సగం రంధ్రం పడేసరికే ముక్క దానంతట అదే పైకి వస్తుంది. దానికి ముందు ముక్క తలను ఆకురాయితో చదును చేసి, నట్టనడుమ సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టాలి. ఆ చుక్క పక్కకు జరిగిందా, బిట్టు గట్టి ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియంలోకి జారుతుంది. చెడ్డ స్నేహం ఎప్పుడూ మెత్తని వైపే లాగుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల స్టడ్డు మర అడుగు 1.25 మి.మీ., దాని ట్యాపు కన్నం 6.8 మి.మీ. కాబట్టి 3 మి.మీ.తో మొదలుపెట్టి, నూనె చుక్కలు వేస్తూ, నెమ్మదిగా పెంచుతూ 6.8కి లోపే ఆగాలి.

ఈజీ అవుట్ అనే ఎక్స్‌ట్రాక్టరు పేరు కవి ఎత్తలేదు. ఇది మరుపు కాదు, నిషేధం. ఆ పరికరం గట్టి ఉక్కుదే, కాని పెళుసు. సూదిగా ఉన్నది లోపలికి దిగే కొద్దీ ముక్కను నాలుగు వైపులా ఒత్తి ఇంకా బిగిస్తుంది, చివరికి తానూ అందులో విరుగుతుంది. విరిగిన బోల్టులో విరిగిన ఎక్స్‌ట్రాక్టరు! దాన్ని మామూలు డ్రిల్లు తాకలేదు. కార్బైడ్ బిట్టో, స్పార్క్ ఎరోజన్ యంత్రమో కావాలి. పెట్టె మీద "ఈజీ" అని రాసినవాడిది వ్యాజస్తుతి.

"ఎత్తికొనుచు వచ్చు": అత్యుక్తి. కొన్నిసార్లు రాదు. అప్పుడు మరలతోసహా కోసేసి, కొత్త మర వేసి, హెలికాయిల్ అనే ఉక్కు తీగ చుట్టను దింపుతారు. అల్యూమినియంలో అది పాత మరకంటే గట్టిగా నిలవడం కద్దు.

"పట్టుకారు శూర": పట్టు, కారు అని విరిచి "మొండిపట్టు పట్టిన కారు" అని శ్లేష చెప్పేవారున్నారు. సంబోధన మెకానిక్‌కు గాని కారుకు కాదు, అగ్రాహ్యం.

అలంకారం కావ్యలింగం. ఛందస్సు ఆటవెలది. రసం మొదట కరుణం, యజమాని గొంతులో రౌద్రం, ముక్క బయటికి వచ్చాక శాంతం, బిల్లు చూశాక అద్భుతం.

ఫలశ్రుతి

బయటికి వచ్చిన స్టడ్డు మళ్లీ పనికిరాదు, దాని జతవాళ్లదీ అదే వయసు. అన్నీ కొత్తవి వేయించండి. మరలకు పలుచగా కాపర్ గ్రీజు రాయించండి. గ్రీజు రాసిన మర సులువుగా జారి ఎక్కువ బిగుసుకుంటుంది గనక, కారు మాన్యువల్లో ఇచ్చిన బిగింపు పొడి మరకా, గ్రీజు మరకా అన్నది చూసి టార్కు పానాతోనే బిగించమనండి. పైపును మాత్రం షెడ్డు బయట పెట్టించండి.