నలుగురిని అడవిలో తిప్పి తిప్పి చంపే విధానం

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని 1974లో అమెరికాలో పుట్టిన ఆట ఒకటుంది. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డీఎం అంటారు. మిగతావాళ్ళు తలా ఒక వీరుడి వేషం కట్టి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. అది కుదిరిందో బెడిసిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. వారానికోసారి కలిసి ఒకే కథని నెలల తరబడి లాగితే దాన్ని క్యాంపెయిన్ అంటారు. టీవీ సీరియల్ చూసేవాళ్ళకి ఇంతకు మించి వివరణ అక్కర్లేదు.

కోట, నేలమాళిగ, సత్రం... వీటిని ఎవరైనా నడిపేస్తారు. అడవిని నడపడానికే ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. మూడు అడవి క్యాంపెయిన్లు మొదలుపెట్టి, మూడింటినీ నట్టడవిలో వదిలేసిన అనుభవంతో చెబుతున్నాను. రాసుకోండి.

కథకి చల్ట్ తీసుకోండి. 2017లో వచ్చిన ‘టూమ్ ఆఫ్ యానిహిలేషన్’ పుస్తకంలోని అడవి అది. డైనోసార్లు, నడిచే శవాలు, పాముమనుషులు, లోపలెక్కడో ఓము అనే పాడుబడ్డ నగరం, ఆ నగరం కింద అసెరెరాక్ అనే చచ్చినా చావని మాంత్రికుడు కట్టించిన సమాధి. ఆ సమాధిలోని యంత్రం వల్ల, లోకంలో ఒకసారి చచ్చి మంత్రంతో బతికినవాళ్ళంతా రోజురోజుకీ కృశించిపోతున్నారు. ఆ శాపం ఎక్కణ్ణుంచి పుడుతోందో వీరులు వెతికి పట్టుకోవాలి.

ఇందులో సొగసు గమనించారా? ఒక చేత్తో ‘ప్రాణాలు పోతున్నాయి, పరిగెత్తండి’ అంటూ, ఇంకో చేత్తో ‘ఇదిగో ఇంత పెద్ద అడవి, వింతలన్నీ చూసి రండి’ అంటుంది పుస్తకం. మీరు రెండూ ఒకే స్వరంతో చెప్పండి. దారిలో పాత గుడి కనపడి ‘చూసొద్దామా?’ అని ప్లేయర్లు అడిగితే, ‘మీ ఇష్టం, అక్కడ పాపం ఎవరో పోతున్నారు’ అని నిట్టూర్చండి. గుడి చూడరు, హాయిగా పరిగెత్తనూ పరిగెత్తరు. ఈ ముడి విప్పడం నా వల్ల కాలేదు. శాపానికి తొందర తగ్గించి నడిపినవాళ్ళు బాగుపడ్డారని విన్నాను, కానీ ఇది బాగుపడేవాళ్ళ కోసం రాస్తున్న వ్యాసం కాదు.

ఇక పటం. 1981లో డేవిడ్ కుక్, టామ్ మోల్డ్‌వే రాసిన ‘ద ఐల్ ఆఫ్ డ్రెడ్’లో ఒక పొరపాటు జరిగింది. ప్లేయర్ల చేతికిచ్చే పటంలో ద్వీపం అంచు మాత్రమే గీసి, లోపలంతా ఖాళీ ఆరుపలకల గడులు వదిలేశారు. ఖాళీ గడి చూస్తే మనిషి చెయ్యి ఊరుకుంటుందా? పెన్సిల్ తీసుకుని ఇక్కడ కొండ, ఇక్కడ వాగు, ఇక్కడ మనవాడు పోయిన చోటు అని ప్లేయర్లు నింపుకుంటూ కూర్చున్నారు. కొన్నాళ్ళకి ఆ అడవి వాళ్ళ సొంత పొలమైపోతుంది. డీఎం పెద్దరికం ఏం కావాలి? అందుకని మీరు అన్ని పేర్లూ అచ్చేసిన రంగుల పటం మొదటి రోజే ఇచ్చేయండి. లేదా అసలు పటమే ఇవ్వకండి. పెన్సిల్ మాత్రం కనపడనివ్వద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది దారి అడగడం. ‘ఎడమకి వెళ్తారా, కుడికి వెళ్తారా?’ అనండి. ‘ఎడమకి ఏముంది?’ అంటారు. చెట్లు అనండి. ‘కుడికి?’ చెట్లు. ఇక్కడ నోరు జారకూడదు. ఎడమవైపు పొగ వాసన వస్తోందనో, కుడివైపు నీళ్ళ చప్పుడుందిగానీ ఆ బురదలో అడుగుల జాడలు మనిషివి కావనో అన్నారా, అయిపోయింది. బల్ల దగ్గర వాదన మొదలవుతుంది, ఒకడు భయపడతాడు, ఒకడు ఆశపడతాడు, రెండు గంటలు ఎలా పోయాయో తెలియదు. చల్ట్‌కి రేవుపట్నమైన పోర్ట్ న్యాన్జారూలో అద్దెకి దొరికే గైడ్లతోనూ ఇదే ప్రమాదం. ఒక్కొక్కరికీ ఒక్కో సొంత లెక్క ఉంటుంది. ఎవర్ని నమ్మాలన్నదే ఒక సాయంత్రం ఆట. ‘ఎవరో గైడ్ దొరికాడు, బయల్దేరారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేయండి.

మిగిలిన సమయంలో వర్ణన చదవండి. తేమ, కీచురాళ్ళు, జలగలు, మళ్ళీ తేమ. అయిదు నిమిషాలకి తగ్గకూడదు.

దారి తప్పడానికి పుస్తకంలో మంచి నియమమే ఉంది. గడి ఒక్కటి పది మైళ్ళు. రోజూ దారి చూసేవాడి తరఫున పాచిక వేయాలి. అడవిలో పదిహేనుకి తగ్గితే దారి తప్పినట్టే. పక్కనున్న ఆరు గడుల్లో దేనిలో పడ్డారో ఆరు ముఖాల పాచిక చెబుతుంది. డీఎం ఇది చాటుగా వేసి, అసలు చోటు తన దగ్గర గుర్తుపెట్టుకుని, నది ఉండాల్సిన చోట కొండ ఎదురయ్యేదాకా నోరు మెదపకపోతే ప్లేయర్ల మొహాలు చూడాలి! మీరలా చెయ్యకండి. పాచిక పడగానే ‘మీరు దారి తప్పారు’ అని ప్రకటించేయండి. దారి తప్పామని తెలిసినవాళ్ళని తప్పిపోయినవాళ్ళని ఎలా అంటారని ఎవరూ అడగరు.

నీళ్ళ సంగతి. చల్ట్ ఎండకి మనిషికి రోజుకి రెండు గ్యాలన్లు, అంటే దాదాపు ఏడున్నర లీటర్లు కావాలి. తాగకపోతే నీరసం, ఇనప కవచం తొడిగితే మరీ కష్టం. ఆరో అంచె నీరసానికి చావే. అద్భుతమైన చిక్కు! కానీ ఈ ఆట అయిదో ఎడిషన్ 2014 నియమాల్లో దానికి విరుగుడు కూడా పెట్టారు. డ్రూయిడ్ అనే అడవి మాంత్రికుడు గుడ్‌బెర్రీ మంత్రంతో పది పళ్ళు పుట్టిస్తాడు, ఒక్క పండు ఒక రోజు భోజనం. క్లెరిక్ అనే పూజారి ఒకే మంత్రంతో పది గ్యాలన్ల నీళ్ళు తెస్తాడు. అడవిలో ఆరితేరిన రేంజర్‌ని మాయ తప్ప ఏదీ దారి తప్పించలేదు. అడవి చూద్దామని కూర్చున్నవాళ్ళు ముగ్గురే చాలు, అడవిని ఖాళీ చేసేస్తారు. మొదటి రోజే నలుగురూ మాట్లాడుకుని ఏవి ఉండాలో ఏవి వద్దో అనుకుంటే సరిపోయేది. అనుకోకండి. అన్నిటికీ ఒప్పుకుని, నాలుగో వారం ఆ డ్రూయిడ్ మీద అలగండి.

పోరాటాలు. రోజుకి మూడుసార్లు పాచిక వేస్తారు, పదహారో అంతకన్నా ఎక్కువో పడితే ఏదో ఎదురవుతుంది. సగం రోజులకి పైగా ఏదో ఒకటి తగులుతుందన్నమాట. ప్రతిదాన్నీ యుద్ధం చేయండి. రాత్రి పడుకుని లేవగానే మంత్రాలన్నీ నిండిపోతాయి కాబట్టి ఎవరికీ ప్రమాదం ఉండదు, కాలం మాత్రం ఖర్చవుతుంది. పది రోజుల నడక పది ఆదివారాలు వస్తుంది. ఆ అడవిలోనే గోబ్లిన్లనే పొట్టి రాక్షసుల ఊరొకటుంది: ఆపద వస్తే ఊరు ఊరంతా మూటలా ముడుచుకుని గాల్లోకి ఎగిరిపోయేలా, వంచిన చెట్లతో స్ప్రింగు కట్టుకున్నారు. దాన్ని దాటేయండి, జనం నవ్వుతారు.

అక్కడి మనుషులంటారా? పుస్తకంలో వాళ్ళకి వర్తక రాకుమారులున్నారు, డైనోసార్ పందేలున్నాయి, రాజకీయాలున్నాయి. మనకెందుకవన్నీ? పాత సినిమాల్లో ఈకలు పెట్టుకుని ‘దొరా’ అంటూ గెంతే గుంపుని తెచ్చి అక్కడ నిలబెట్టండి. అడవి అంటే అంతేనని యాభై ఏళ్ళుగా నేర్చుకున్నాం, ఇప్పుడు కొత్తగా నేర్చుకుంటే నామోషీ.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మా బల్ల దగ్గర ఇంకా ఇద్దరు మిగిలారు. వాళ్ళ కోసం ఈసారి మోల్డ్‌వే, కుక్‌ల పాత ద్వీపం తీశాను, ఖాళీ గడులతోనే. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా మేడ మీద. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రావాలనుకుంటే పెన్సిల్ తెచ్చుకోండి.