ఒక గుమ్మడిపద్యమునకు టీకా తాత్పర్యము

ఆ. మంచు కురియు సీమ మడిఁ జేసి విత్తిడి
కంబళంబుఁ గప్పి కాచి కాచి
యొక్క కాయ నిలిపి యూరూర మోసినఁ
బగులు గలిగె నేని ఫలము సున్న

అవతారిక: ఈ యాటవెలఁది కర్త యెవ్వఁడో, యే కాలమువాఁడో నిర్ణయింప సాధ్యము గాదని వ్రాయుట వ్యాఖ్యాతల సంప్రదాయము; కాని నిజము దాఁచుట నాకిష్టము లేదు గావున, మొన్న రాత్రి నేనే వ్రాసికొంటినని యొప్పుకొనుచున్నాను. మూలము లేనిదే టీక యెట్లు వ్రాయుదును? అమెరికాలోని మినసోటా రాష్ట్రమున, ఏప్రిల్ నెలలోఁ గూడ మంచు కురియఁగల అనోకా యను నూర, ఉద్యానవిద్య గఱపు నుపాధ్యాయుఁ డొకఁడు 2023వ సంవత్సరమున 2,749 పౌనులు, అనఁగా నించుమించు 1,247 కిలోలు తూఁగిన గుమ్మడికాయను బెంచి, కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పట్టణపుఁ దూనికపోటీకిఁ గొనిపోయి, అప్పటికి లోకమునఁ బుట్టిన గుమ్మళ్లలోనెల్ల నదియే పెద్దదనిపించెనని చదివితిని. ఇంతటి కార్యమునకు మన వాఙ్మయమున నొక్క పద్యమైన లేకుండుట లోపమని తోఁచినది.

టీక: మంచు కురియు సీమ = హిమపాతము గల దేశమునందు. అచట వసంతపుఁ గడపటి మంచు మే నెల నడుమ వఱకు నుండును. శరత్తునఁ దొలిమంచు అక్టోబరుతోనే దిగును. ఈ రెండు మంచుల నడుమ నున్న కొలఁది నెలలే తీఁగకు నాయుర్దాయము.

మడిఁ జేసి = పాదు సిద్ధపఱచి. ఇచట శ్లేష గలదు. మడి యన నాచారమును గూడ. ఆఁడుపువ్వు విచ్చుటకు ముందునాఁటి సాయంకాలమే దానికి ముసుఁగు గట్టి, తేనెటీఁగల మైల సోకనీయక, తెల్లవాఱుచుండఁగాఁ దాను గోరిన తీఁగనుండి మగపువ్వును గోసి తెచ్చి స్వహస్తముతోఁ బుప్పొడి నద్దుదురు. వంశము తెలియని పుప్పొడి వీరికి నంటు. విత్తనమునకుఁ దల్లికాయ తూఁకమును బెంచినవాని యింటిపేరును గలిపి నామకరణము చేయుదురు. ఇంటిపేరు, గోత్రము విననిదే పిల్లనీయని మనవారు వీరిని దప్పుపట్టఁజాలరు. గోత్రమన్నచో, నేఁటి మహాకాయములకు గోత్రఋషి కెనడాలో నోవా స్కోషియా ప్రాంతపు విండ్సరు పట్టణమునకుఁ జెందిన హోవర్డ్ డిల్ అను రైతు. అతఁడు తీర్చిన రకమే అట్లాంటిక్ జయంట్.

విత్తిడి = విత్తు నాటి. కూష్మాండ శబ్దమునకు నిఘంటువ్యాఖ్యాతలు చెప్పు వ్యుత్పత్తి యిచట స్మరింపఁదగినది: ‘కు’ అనఁగా నల్పమగు, ‘ఊష్మ’ అనఁగా వేఁడి, ‘అండ’మున, అనఁగా విత్తున, గలది కూష్మాండము. ఆ పేరు మన గుమ్మములకు దిష్టికై వ్రేలాడు బూడిదగుమ్మడికే చెల్లును గాని, అమెరికా ఖండములఁ బుట్టి సముద్రము దాఁటి మన పులుసులోనికి వచ్చిన తియ్యగుమ్మడి జాతికిఁ జెల్లదని పండితులు పూర్వపక్షము చేయుదురు. చేయనిండు. విత్తునకు సొంత వేఁడి చాలదను మాట మినసోటాలోఁ జెల్లినట్లు మఱెచ్చటఁ జెల్లదు. కాననే ఏప్రిల్‌లో విత్తును నింటిలోఁ గుండీలో వెచ్చగా మొలపించి, పాదులోని మంటిక్రిందఁ గరెంటుతీఁగలు పఱచి నేలను వేఁడిచేసి, పిదప మొలకను దింపుదురు.

కంబళంబుఁ గప్పి = మొలకకు గుడారమును, కాయకుఁ గంబళియుఁ గప్పి. కాయ తోలు ముదిరినచో సాగుట మానును గావునఁ బగలు ఎండ దాఁకకుండ బట్ట. రాత్రి చలి దాఁకకుండఁ గంబళి. ఇంత యుపచారము మన యిండ్లలో బాలింతకైన జరుగుచున్నదా యన్నది వేఱు ప్రశ్న.

కాచి కాచి = ఇది పునరుక్తి దోషమని తొందరపడరాదు. మొదటి ‘కాచి’ వెచ్చఁజేసి యనియు, రెండవ ‘కాచి’ కాపాడి యనియు నర్థము. వడగండ్లు పడి యాకులు చిల్లులైనఁ దీఁగకు తిండి తగ్గును. గాలి వీచిన తీఁగ తిరుగఁబడును. అందుకై కణుపుకణుపునకు మన్ను గప్పి వేళ్లు దింపింతురు. అట్లయిన నుష్ణదేశముననే పెంచరాదా యని యొక శంక. రాదు. ఎండ మితిమీఱినచోఁ బిందె నిలువక రాలిపోవును; అట్టి దినములలో ఆఁడుపువ్వు చుట్టు మంచుగడ్డలు పెట్టువారును గలరు. మే నెలలో శత్రువైన మంచే జూలైలో వైద్యుఁడగుట పద్యమున మొదటి మాటకే కవి పొదిగిన ధ్వని. (కవిని నేనే కావున దీనిని నిర్భయముగాఁ జెప్పుచున్నాను.)

ఒక్క కాయ నిలిపి = తక్కిన పిందెల నెల్లఁ ద్రుంచి, తీఁగ సంపాదన నంతయు నొక్కదానికే పెట్టి. ముమ్మరముగాఁ బెరుగు దినములలో నది దినమునకు 20 కిలోలకు మించి బరువెక్కును. బెట్ట తరువాత నొక్కుమ్మడి వానపడి నీరు త్రాగినచో లోపలి పెరుగుదలకుఁ దోలు తాళలేక పగులును. ఆ రాత్రి చప్పుడు రైతునకే తెలియును.

ఊరూర మోసినన్ = అనోకానుండి హాఫ్ మూన్ బేకి సుమారు 2,000 మైళ్లు బండిమీఁదఁ దరలించినను.

పగులు గలిగె నేని = లోపలి బోలుదాఁక బీఁట వాఱినచో. పైపై గీఁతలు పోటీవారు క్షమింతురు. లోనికిఁ బోయిన పగులును క్షమింపరు.

ఫలము సున్న = స్పష్టము.

తాత్పర్యము: ఐదు నెలలు పసిబిడ్డవలె సాఁకి, దేశము దాఁటించి కాఁటాదాఁకఁ దెచ్చిన కాయయైనను నొక్క బీఁటతో లెక్కలోనికి రాకపోవును.

విశేషములు: ఇందలి యలంకార మతిశయోక్తి యని తోఁచును గాని, తూనికచీటి యుండుటచే స్వభావోక్తియే. 2025లో సూర్యుఁ డరుదుగాఁ గనిపించు నింగ్లండున లిమింగ్టన్ పట్టణపుఁ గవలసోదరులు ఇయాన్, స్టూవర్ట్ పేటన్‌లు 2,819 పౌనుల కాయతో ఆ పాత తూఁకమును మించిరి. పద్యమున దానికిఁ జోటు చాలలేదు. రుచి విషయమున మూలము మౌనము వహించినది. నీరెక్కువ, పీచెక్కువ, మన పెరటికాయతోఁ బెట్టిన పులుసు ముందు నిది నిలువదు.

ఈ వ్యాఖ్యయందుఁ బగుళ్లు గనిపించినచో, అవి లోపలి బోలుదాఁకఁ బోనియెడల క్షమింపుఁడని పాఠకులకు మనవి.